టైరు లోపలి అంచు చూశారా?

(తిరుపతిలో కారు యజమానులు, ట్యాక్సీ డ్రైవర్లు కలిసిన ఒక సభలో విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాము.)

పెద్దలకు, అమ్మలకు, డ్రైవరన్నలకు నమస్కారం. ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఒక్కటే విషయం. టైరు అరిగిందా లేదా అని మనం చూసే చోటు ఒకటి, టైరు ప్రమాదకరంగా అరిగే చోటు మరొకటి. మనం కారు పక్కన నిలబడి, బయటికి కనబడే అంచును చూసి, గాడుల మధ్య లేచి ఉండే రబ్బరు బటన్లు ఉన్నాయి కదా, ఇంకో ఏడాది తిరుగుతుందిలే అనుకుంటాము. ఆ మాట బయటి అంచుకు నిజమే కావచ్చు. లోపలి అంచు సంగతి ఏమిటి? టైరు కడుపులోని సంగతి ఏమిటి? దాని వయసు ఎంత? ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిలబడి చూసేవారికి కనబడదు.

ముందుగా ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే మిగిలిన మాటల బరువు తెలుస్తుంది. మనుషులతో కలిపి కారు బరువు 1200 కిలోలు అనుకుందాము. ఒక్కో చక్రం మీద 300 కిలోలు పడతాయి. టైరులో 33 పీఎస్‌ఐ గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోల ఒత్తిడి. మూడు వందలను 2.3తో భాగించండి, ఎంత వచ్చింది? సుమారు 130 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క టైరు నేలను తాకుతున్నది అరచేయంత మేర మాత్రమే. తిరుమల కొండ పాత ఘాట్ రోడ్డు మలుపులో మీ కుటుంబాన్ని రోడ్డుకు పట్టి ఉంచేవి ఆ నాలుగు అరచేతులే. వాటిలో ఒకదాని లోపలి సగం నున్నగా అయిపోయి ఉంటే, మిగిలిన సగంతో ఎంత పట్టు దొరుకుతుందో ఆలోచించండి.

ఇప్పుడు లోపలి అంచు దగ్గరికి వస్తాను. అది ఎందుకు ముందుగా అరుగుతుంది? చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా, నిటారుగా ఉండాలి. గుంతలో పడినా, స్పీడు బ్రేకరును వేగంగా ఎక్కించినా, కింద ఉండే బుష్‌లు, జాయింట్లు అరిగినా ఆ అమరిక తప్పుతుంది. చక్రం పైభాగం లోపలికి వాలితే బరువంతా లోపలి అంచు మీద పడుతుంది. చక్రం ముందుభాగం బయటికి తిరిగితే లోపలి అంచు రోడ్డు మీద రాసుకుంటూ పోతుంది. ఎంత తిరిగితే అంత నష్టం జరుగుతుందని మీరు అడగవచ్చు. ఒక డిగ్రీలో అయిదో వంతు, అంటే కంటికి ఏమాత్రం ఆనని తేడా ఉందనుకోండి. లెక్క ప్రకారం కారు ఒక కిలోమీటరు ముందుకు వెళ్ళేసరికి ఆ టైరును మూడున్నర మీటర్లు పక్కకు ఈడ్చినంత పని అవుతుంది. తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 130 కిలోమీటర్లు. ఆ దూరమంతా ఆ టైరును కిలోమీటరుకు మూడున్నర మీటర్ల లెక్కన పక్కకు ఈడ్చుకుంటూ పోతున్నారన్న మాట. రబ్బరు నిలుస్తుందా?

ఇంకో సంగతి వినండి, ఇది చాలామంది గమనించనిది. టైరు గాడుల మధ్యలో, అడుగున, అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. వాటినే అరుగుదల గుర్తులు అంటాము. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూపడానికి టైరు పక్క గోడ మీద, భుజం దగ్గర, అంటే నేల తాకే భాగం పక్క గోడను కలిసే చోట, చిన్న త్రికోణం గుర్తుగాని, టీడబ్ల్యూఐ అనే అక్షరాలుగాని ఉంటాయి. పై రబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందని అర్థం. కారు టైరుకు మన మోటారు వాహనాల నిబంధన పెట్టిన కనీస హద్దు అదే. కొత్త టైరులో ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ దిమ్మెలు ఉండేది పెద్ద గాడులలో, అంటే టైరు మధ్యభాగంలో. లోపలి అంచు పూర్తిగా గుండు అయిపోయి, కింది తీగలు బయటపడే స్థితికి వచ్చినా, మధ్య గాడులలోని గుర్తులు మాత్రం ఇంకా బాగుందనే చెబుతుంటాయి. మన ఊళ్ళో గుండు తలకేగాని టైరుకు వద్దని మెకానిక్కులు హాస్యమాడుతుంటారు. కాని సగం గుండు సంగతి కనిపెట్టాలంటే వంగి చూడక తప్పదు.

ఎలా చూడాలి? చదునైన చోట కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగును పూర్తిగా కుడివైపుకు తిప్పండి. అప్పుడు కుడి చక్రం ముందుభాగము, ఎడమ చక్రం వెనుకభాగము బయటికి వస్తాయి. కుడి టైరును కారు ముందువైపు నుంచి, ఎడమ టైరును దాని వెనుక పక్క నుంచి చూస్తే అడ్డం మొత్తం, లోపలి అంచుతో సహా కనబడుతుంది. ఒక్క చోట చూసి సరిపెట్టుకోవద్దు. కారును కొద్దిగా ముందుకు జరిపి మళ్ళీ చూడండి, ఎందుకంటే అరుగుదల చుట్టూ ఒకే తీరుగా ఉండదు. వెనుక చక్రాలు తిరగవు కనుక ఫోను తీసుకుని, కెమెరాలో వీడియో పెట్టి, టైరు వెనకగా నేల దగ్గర ఉంచి తీయండి. జాకీ మీద ఎత్తి కారు కిందికి దూరే సాహసం మాత్రం ఎవరూ చేయవద్దు. అలాగే వట్టి చేత్తో తడమవద్దు. ఉక్కు తీగ బయటపడి ఉంటే వేలు చీరుకుపోతుంది. మందపాటి గుడ్డ చుట్టుకుని అడ్డంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు నిమిరి చూడండి. ఒకవైపు నిమిరితే నున్నగా, మరోవైపు నిమిరితే రంపంలా తగిలితే చక్రాల అమరిక తప్పిందని తెలుసుకోవాలి. దసరాలో ఆయుధపూజ నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి అందరమూ వంగుతాము కదా, ఆ వంగిన పనికి లోపలి అంచు కూడా ఒకసారి చూస్తే పోయేదేమీ లేదు. ఏడాదికి ఒక్కసారి చాలదనుకోండి, నెలకొకసారి చూడాలి.

మిగిలిన అరుగుదల తీరులను త్వరగా చెప్పి ముందుకు పోతాను. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువగా కొట్టిస్తున్నారు. రెండు అంచులూ అరిగి నడుమ నిలిచి ఉంటే గాలి తక్కువగా ఉంచుతున్నారు. అక్కడక్కడ చెంచాతో గీకినట్టు పల్లాలు పడితే షాక్ అబ్సార్బర్లనుగాని, బ్యాలెన్సింగునుగాని అనుమానించాలి. ఇవి పుస్తకంలో ఉండే మాటలే. మన కొండ దగ్గర ఒక తేడా ఉంది, అది డ్రైవరన్నలకు బాగా తెలుసు. రోజూ పైకి కిందికి తిరిగే బండ్లకు ముందు టైర్ల బయటి భుజాలు త్వరగా అరుగుతాయి, ఎందుకంటే మలుపు మలుపుకూ బరువు ఆ భుజం మీదికి ఒరుగుతుంది. ముఖ్యంగా మనం దిగే పాత ఘాట్ రోడ్డు, 1944లో తెరిచినది, బిగుతైన మలుపులున్న దారి; ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో రోడ్డు కొంత నయం. కాబట్టి కొండ బండి టైరుకు రెండు అంచులూ అరిగి కనబడితే వెంటనే గాలి తక్కువైందని తీర్పు చెప్పకండి. బయటి అంచును మలుపులు తిని ఉండవచ్చు, లోపలి అంచును తప్పిన అమరిక తిని ఉండవచ్చు. గాలి కొలిచి, అమరిక చూపించి, అప్పుడు తేల్చుకోవాలి.

గాలి మాట వచ్చింది కనుక అక్కడ కాసేపు ఆగుతాను. మనవాళ్ళు ఎక్కువమంది గాలి ఎప్పుడు చూపించుకుంటారు? దూరం నుంచి వచ్చి, కొండ ఎక్కబోయే ముందు, దారిలో పెట్రోలు బంకు కనబడినప్పుడు. చెన్నై నుంచి పుత్తూరు మీదుగా మండుటెండలో వచ్చిన కారు టైరు వేడెక్కి ఉంటుంది. వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 32 ఉన్న టైరు అప్పుడు 36, 37 చూపిస్తుంది. గాలి కొట్టే కుర్రవాడు ఎక్కువుంది సార్ అని నాలుగు వదిలేస్తాడు. మీరు సంతోషంగా కొండ ఎక్కుతారు. మర్నాటి ఉదయం చల్లారిన తరువాత ఆ టైరులో ఉన్నది 28. ఇప్పుడు ఏడుగురు మనుషులు, సామాన్లు, ప్రసాదాల సంచులు వేసుకుని ఆ 28తో దిగుతారు. తప్పు ఎవరిది? కుర్రవాడిది కాదు, వేడి టైరును కొలిచిన పద్ధతిది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఉండే చీటీలోని అంకెలు చల్లని టైరుకు చెప్పినవి. కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న బండికి చెప్పినవి. ఆ చీటీని చాలామంది సగమే చదువుతారు. ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పటికి ఒక అంకె, నిండు బరువుకు ఇంకో అంకె ఉంటాయి. యాత్రకు పోయేటప్పుడు చూడవలసింది ఆ రెండో అంకె.

కొండ మీద గాలి పలచగా ఉంటుంది కదా, టైరులో ఒత్తిడి పెరిగి పగులుతుందా అని ఇందాక ఒక అమ్మ అడిగారు. మంచి ప్రశ్న. పెరుగుతుందమ్మా, కాని తిరుమల ఎత్తుకు పెరిగేది దాదాపు ఒక పీఎస్‌ఐ మాత్రమే. దాని గురించి దిగులు వద్దు. మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపించడం గురించి కూడా అడుగుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బు పెట్టి నింపించుకుంటే నష్టం లేదు, కాని నింపించాము కదా అని ఆరు నెలలు కొలవకుండా వదిలేయడంలో నష్టం ఉంది.

ఇక టైరు కడుపులోకి వెళదాము. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదమైన అరుగుదల ఇదే, ఎందుకంటే దీన్ని వంగి చూసినా కనిపెట్టలేము. గాలి బాగా తగ్గిన టైరు మీద నడిపితే పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు టైరు సెకనుకు పదకొండు పన్నెండు చుట్లు తిరుగుతుంది. అన్నిసార్లు మడతపడితే పుట్టే వేడికి లోపలి దారాలు బలం కోల్పోతాయి, లోపలి పొర చిట్లి నల్లని పొడిగా రాలుతుంది. అప్పుడు ఏమవుతుంది? మీరు పంచరు షాపుకు చేరతారు. మేకు తీసి, బయటి నుంచి రబ్బరు తాడు గుచ్చి, గాలి కొట్టి అయిదు నిమిషాలలో పంపిస్తారు. బయటికి టైరు కొత్తదిలాగే ఉంటుంది. కొన్ని వారాల తరువాత బెంగుళూరు రోడ్డు మీద, నిండు వేగంలో, మధ్యాహ్నపు ఎండలో ఆ పక్క గోడ తెగిపోతుంది. కొత్త టైరే, ఎందుకు పగిలిందో అర్థం కాలేదు అంటారు. ఎందుకు పగిలిందో ఆ పంచరు నాడు టైరు విప్పి ఉంటే అర్థమయ్యేది.

కాబట్టి పంచరు వేయించేటప్పుడు మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. గాలి పోయిన తరువాత ఎంత దూరం వచ్చాను? గాలి తగ్గిందని తెలిసిన వెంటనే ఆపి ఉంటే భయం లేదు. పక్కకు ఒరిగిపోయిన టైరుతో మెల్లగా వెళదాములే అని రెండు మూడు కిలోమీటర్లు వచ్చి ఉంటే, టైరును రిమ్ము నుంచి విప్పించి, లోపల చేయి పెట్టించి చూపించుకోండి. నల్లని పొడి రాలినా, లోపలి గోడ చుట్టూ ముడత గీత పడినా ఆ టైరుకు పంచరు వేయించవద్దు, అది అయిపోయింది. టైరు విప్పితే ఇంకో మేలు కూడా ఉంది. లోపలి నుంచి అతుకు వేస్తే నీరు ఉక్కు తీగల దాకా పోదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను, పక్క గోడకు పడిన రంధ్రానికి ఏ పద్ధతిలోనూ మరమ్మతు లేదు. నేల తాకే భాగంలోనైనా ఆరు మిల్లీమీటర్లకు మించిన రంధ్రమైతే మార్చడమే మంచిది.

కొత్త కార్లలో గాలి తగ్గితే దీపం వెలుగుతుంది కదా, ఇంత బాధ ఎందుకు అని కుర్రవాళ్ళు అంటారు. ఆ దీపం గాలి గురించి చెబుతుంది, అదీ బాగా తగ్గిన తరువాత. అరిగిన అంచు గురించి, చిట్లిన లోపలి పొర గురించి, వయసు గురించి దానికి ఏమీ తెలియదు.

వయసు సంగతికి మన ఊళ్ళో ప్రత్యేకమైన ఉదాహరణ ఉంది. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. తల్లిదండ్రుల కోసం కొన్న కారు అపార్టుమెంటు కింద ఉంటుంది. తిరుచానూరుకు ఒకసారి, కాణిపాకానికి ఒకసారి, పెళ్ళికి ఒకసారి బయటికి వస్తుంది. ఏడేళ్ళయినా పదిహేను వేల కిలోమీటర్లు దాటదు. బటన్లు చూస్తే నిగనిగలాడుతుంటాయి. ఇటువంటి కారు టైర్లకు ఏమీ కాదని అందరూ అనుకుంటారు, నిజానికి జాగ్రత్తగా చూడవలసినవి ఇవే. రబ్బరును గాలిలోని ఓజోను, ఎండ, వేడి పగులగొడతాయి. దాన్ని అడ్డుకోవడానికి టైరు తయారు చేసేటప్పుడే అందులో ఒక రకం మైనం కలుపుతారు. టైరు తిరిగి, వంగి, సాగుతుంటేనే ఆ మైనం పైకి వచ్చి పొరలా నిలుస్తుంది. నిలిచిపోయిన కారులో ఆ పని జరగదు. అందుకే పక్క గోడ మీద, గాడుల అడుగున సన్నని పగుళ్ళు వస్తాయి. సర్వీసింగులో పూసే నల్లని టైరు పాలిష్ ఆ పగుళ్ళను చక్కగా కప్పేస్తుంది. పాత కారు కొనేటప్పుడు టైరు మరీ నల్లగా మెరుస్తుంటే, మొదట తడిగుడ్డతో తుడిచి చూడండి.

టైరు పుట్టిన తేదీ దాని ఒంటి మీదే ఉంటుంది. పక్క గోడ మీద నాలుగు అంకెలు విడిగా కనబడతాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మన జిల్లాలోనే చినపాండూరులో అపోలో వారి కర్మాగారం 2020లో టైర్లు చేయడం మొదలుపెట్టింది. టైరు అక్కడ పుట్టినా, ఎక్కడో విదేశంలో పుట్టినా ఈ నాలుగు అంకెల లెక్క ఒకటే. చిక్కు ఏమిటంటే ఆ తేదీ ఒకవైపు గోడ మీదే ఉండవచ్చు, బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి పోయి ఉండవచ్చు. కనబడలేదంటే లేదని కాదు, ఇందాక చెప్పినట్టు ఫోనుతో అవతలి పక్క చూడాలి. అయిదేళ్ళు నిండిన టైరును ఏటా ఒకసారి తెలిసినవారికి చూపించడం, పదేళ్ళు నిండితే బటన్లతో నిమిత్తం లేకుండా తీసివేయడం పెద్ద తయారీ సంస్థలలో చాలావరకు చెప్పే మాట. మన ఎండలకు నేనైతే పదేళ్ళ దాకా ఆగను. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేవారు ఇంకొకటి గమనించాలి. అరిగిన టైరుకు వేడి కత్తితో గాడులు కోసి కొత్తదిలా చూపించేవారు ఉన్నారు. గాడి లోతుగా ఉండి, దాని అడుగున ఆ అరుగుదల దిమ్మెలు కనబడకపోతే, ఆ టైరును అక్కడే వదిలి రండి.

వానల సంగతి చెప్పాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో ఘాట్ రోడ్ల మీదికి నీళ్ళు, రాళ్ళు ఎలా వచ్చాయో మీలో చాలామంది చూశారు. రోడ్డు మీద రెండు మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉందనుకోండి. పదిహేను సెంటీమీటర్ల వెడల్పున నేల తాకే టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరున్నర లీటర్లకు పైగా నీటిని పక్కకు తోయాలి. ఆ నీరు పోవడానికి దారి గాడులే. గాడి లేకపోతే నీరు టైరు కిందే ఉండిపోతుంది, టైరు నీటి మీదికి లేస్తుంది, అప్పుడు స్టీరింగూ బ్రేకూ రెండూ మీ మాట వినవు. చట్టం 1.6 అని చెప్పింది కదా అని 1.6 దాకా ఆగడం నాకు నచ్చదు. కొండ మీదికి పోయే బండికి, వానకాలానికి ముందు, మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చమని నేను చెబుతాను. ఖర్చు అంటారు. నిజమే, కాని అప్పటికి మీరు వదులుకునేది మిగిలిన మిల్లీమీటరున్నర రబ్బరు మాత్రమే.

పక్క గోడ మీద కోడిగుడ్డు ఉబ్బులాంటిది కనబడితే దానికి ఆలోచన అక్కరలేదు. గుంత అంచుకు తగిలి లోపలి దారాలు తెగినచోట గాలి బయటికి నెడుతున్నది. ఎంత కొత్త టైరైనా మార్చాలి, కొండకు అసలు తీసుకుపోకూడదు.

స్టెప్నీ మాట అడగకుండానే చెబుతాను. గాలి కొట్టించేటప్పుడు నాలుగింటికి కొట్టించి అయిదోదాన్ని మరిచిపోతాము. దానికీ వయసు ఉంది, దానికీ చీటీలో ఒక అంకె ఉంది. కొన్ని కార్లకు సన్నని స్టెప్నీ ఇస్తున్నారు. దాని మీద 80 కిలోమీటర్ల వేగ పరిమితి రాసి ఉంటుంది, అది షాపు దాకా పోవడానికేగాని ఊరికి పోవడానికి కాదు. 2020 జూలైలో నిబంధన మారిన తరువాత గాలి హెచ్చరిక పరికరము, మరమ్మతు సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదు. మీ కారులో ఏది ఉందో డిక్కీ తెరిచి చూసుకోండి, భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట తెలుసుకోవద్దు.

చివరగా షాపులో రోజూ జరిగే వాదన ఒకటి. రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు ముందు వేయాలా, వెనుక వేయాలా? ముందు చక్రాలే కదా లాగేవి, తిరిగేవి, కాబట్టి ముందే వేయాలని అందరూ అంటారు. వెనుక వేయండి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు నేరుగా పోతుంది. కాలు తీసి వేగం తగ్గిస్తే చాలావరకు మళ్ళీ దారికి వస్తుంది. వెనుక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని నిలబెట్టడం మనవంటివారి వల్ల కాదు. ఘాట్ దిగేటప్పుడు బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు ఇంకా తేలికవుతాయి కనుక ఈ మాట మనకు మరీ వర్తిస్తుంది. అమరిక చూపించకుండా మాత్రం కొత్త టైర్లు బిగించవద్దు. పాతవాటిని తిన్న జబ్బు కొత్తవాటినీ తింటుంది.

లోతు కొలిచే గేజీలు రెండు తెచ్చాను. అంగట్లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఇప్పుడు అందరమూ బయట ఆపిన కార్ల దగ్గరికి వెళదాము. ముందుగా వెళ్ళేవారు స్టీరింగును పూర్తిగా కుడివైపు తిప్పి, హ్యాండ్ బ్రేకు వేసి ఉంచండి. కొండ దిగి ఇప్పుడే వచ్చిన డ్రైవరన్నలు మాత్రం చక్రాల దగ్గర చేయి పెట్టకండి, బ్రేకులు ఇంకా కాలుతుంటాయి. మీ బండ్లను ఆఖరున చూద్దాము.